క్యాప్‌కు వారంటీ ఇస్తున్నారు, ఎముక సంగతేమిటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈమధ్య ఏ ఊరి బస్టాండు దగ్గర చూసినా పంటి ఇంప్లాంట్ల ఫ్లెక్సీలే కనిపిస్తున్నాయి. ఇంప్లాంట్ అంటే ఊడిన పన్ను చోట దవడ ఎముకలో దింపే టైటానియం లోహపు వేరు, దానిమీద పెట్టే పన్ను క్యాప్. మీ పేపర్లో కూడా ఆ ప్రకటనలు వస్తున్నాయి. అన్నిటిలోనూ జిర్కోనియా (పింగాణీ జాతికి చెందిన గట్టి పదార్థం) క్యాప్, ఇన్నేళ్ల వారంటీ అనే మాటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఖరీదైన క్యాప్ పెట్టించుకుంటే లోపల ఎముక పదిలంగా ఉంటుందని ఒకరంటారు. జిర్కోనియా మరీ గట్టిది, ఎముకను తినేస్తుందని ఇంకొకరంటారు. పళ్లు కట్టించుకోవాలనుకునే పెద్దవాళ్లకు ఈ రెండు మాటల మధ్య టెన్షనే మిగులుతోంది.

గట్టి క్యాప్ గురించిన భయం ఊరికే పుట్టలేదు. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య ఒక పలుచని పొర ఉంటుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని అది కొంత తీసుకుంటుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు. టైటానియం నేరుగా ఎముకతో అతుక్కుంటుందని 1950లలో స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ గుర్తించాడు, ఇంప్లాంట్లన్నీ ఆ సూత్రం మీదే నిలబడ్డాయి. అందుకే పింగాణీ కంటే మెత్తటి రెజిన్ (ఒకరకం ప్లాస్టిక్) క్యాప్ అయితే ఎముక మీద దెబ్బ తగ్గుతుందని 1980లలో ఒక వాదన వచ్చింది. అయితే పేషెంట్లకు ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసి చూసిన పరిశోధనల్లో క్యాప్ దేనితో చేశారన్నదాన్ని బట్టి ఎముక తరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా పెద్దగా కనబడలేదు. మొదటి ఏడాది కొద్దిగా తగ్గినా, ఆ తర్వాత ఏటా 0.2 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఫర్వాలేదని 1986 నుంచీ ఒక లెక్క ఉంది.

మరి ఎముక ఎందుకు పోతుంది? మా నాన్నగారి విషయంలో కళ్లారా చూశాను. కింది దవడలో ఇంప్లాంట్ వేసి, జిర్కోనియా క్యాప్‌ను సిమెంటుతో అతికించారు. రెండేళ్లు తిరక్కుండానే చిగురు వాచి, నొక్కితే చీము వచ్చింది. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ చుట్టూ గిన్నెలా నల్లగా గుంట కనిపించింది. వేరే డాక్టరు గారు చిగురు తెరిచి, లోపల గట్టిపడి ఉండిపోయిన సిమెంటు ముక్క తీశారు. క్యాప్ మీద మాత్రం చిన్న గీత కూడా లేదు. వారంటీ కార్డు ఇప్పటికీ చెల్లుతుంది, కాకపోతే పోయిన ఎముక గురించి అందులో ఒక్క ముక్క లేదు.

క్యాప్ నాణ్యత అనవసరమని నేననడం లేదు. సరిగ్గా పాలిష్ చేయకపోతే దానిమీద పాచి పేరుకుంటుంది. ఉబ్బెత్తుగా చేస్తే చిగురు అంచుకు బ్రష్ అందదు. నికెల్ పడనివాళ్లకు ఆ లోహం కలిసిన క్యాప్ పెట్టకూడదు. వీటికి తోడు పొగతాగడం, అదుపులో లేని షుగరు, పాత చిగుళ్ల జబ్బు, ఆరు నెలలకోసారి వెళ్లి శుభ్రం చేయించుకోకపోవడం ఉన్నాయి. ప్రకటనల్లో ఈ మాటలు ఎక్కడైనా ఉన్నాయా?

2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. ఆ చట్టం కింద ఒక చిన్న నిబంధన పెట్టాలని నా విన్నపం. ఇంప్లాంట్ వేసిన ప్రతివారికీ ఒక కాగితం ఇవ్వాలి. ఇంప్లాంట్ ఏ కంపెనీది, సైజు ఎంత, బ్యాచ్ నంబరు ఏమిటి, క్యాప్ దేనితో చేశారు, దాన్ని స్క్రూతో బిగించారా, సిమెంటుతో అతికించారా అన్నవి అందులో ఉండాలి. బ్యాచ్ వివరాల స్టిక్కరు ప్యాకెట్‌తోనే వస్తుంది, ఊడదీసి అంటిస్తే సరిపోతుంది. పదేళ్ల తర్వాత స్క్రూ వదులైతే, ఏ కంపెనీదో తెలియకుండా ఇంకో డాక్టరు సరైన పనిముట్టు ఎక్కడ వెతుకుతారు? క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే కూడా మా చేతికివ్వాలి. అది లేకపోతే తర్వాత ఎముక ఎంత తగ్గిందో దేనితో పోల్చి చూడాలి? మా నాన్నగారి దగ్గర ఆ ఎక్స్‌రే లేదు.

మీరూ ఒక సాయం చేయండి. ఇంప్లాంట్‌కు ముందు డాక్టరును అడగాల్సిన ప్రశ్నలను, చిగుళ్ల నిపుణుల చేత రాయించి, మీ ఆరోగ్యం పేజీలో వేయండి. ఆ ప్రకటనలు వచ్చే రోజే వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి