టీసీల కోసం వస్తున్న తల్లిదండ్రులకు, మిగిలిన అందరికీ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం మన బస్టాండులో ఒక కుర్రాడు మన పాత విద్యార్థిని మీద కత్తితో దాడి చేశాడు. ఊరంతా దాని గురించే మాట్లాడుతోంది. బడి గేటు దగ్గర అదే, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అదే. గ్రూపులో ఆ అమ్మాయి ఫోటో కూడా తిరిగింది. ఎవరు పెట్టారో, ఎవరు ముందుకు పంపారో దయచేసి ఈ రోజే తీసేయండి. మన బడి పేరుతో ఉన్న గ్రూపులో ఒక ఆడపిల్ల ఫోటో అలా తిరగడం నాకు చాలా బాధ కలిగించింది.

ఆ అమ్మాయి పదో తరగతి వరకు మన దగ్గరే చదివింది. ఆమె తల్లి నా దగ్గరకు వచ్చి చాలాసేపు కూర్చున్నారు. ఆవిడ ఒప్పుకున్నంతవరకే ఇక్కడ రాస్తున్నాను. అమ్మాయి చేతికి తగిలిన గాయం మానుతోంది, ప్రాణానికి భయం లేదు. కుర్రాడు రిమాండులో ఉన్నాడు. కత్తి తీసిన క్షణంలోనే అడ్డుపడ్డ చెరుకురసం బండి ఆయనకు, ఇద్దరు ఆటో డ్రైవర్లకు ఈ బడి రుణపడి ఉంది. వచ్చే కార్యక్రమంలో వాళ్లను స్టేజి మీదకు పిలుస్తాం.

మీలో కొందరు "వాడెవడో వెంటపడ్డాడు" అంటున్నారు, మరికొందరు "ఈ పిల్లే ఆడించింది" అంటున్నారు. రెండూ నిజం కాదు. ఇద్దరూ ఒకే డిగ్రీ కాలేజీ, ఒకరినొకరు ఇష్టపడ్డారు. మొదట్లో అంతా బాగానే ఉంది. తిన్నావా, ఇంటికి చేరావా అని మెసేజ్‌లు. తర్వాత ఎవరితో మాట్లాడుతున్నావు, పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఎందుకున్నావు అని. ఫోన్ పాస్‌వర్డ్ అడిగాడు, ఇచ్చింది. లైవ్ లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలన్నాడు, పెట్టింది. రాత్రి వీడియో కాల్ చేసి గది నాలుగు మూలలూ చూపించమనేవాడు. చిన్నప్పటి స్నేహితురాలితో మాట్లాడటం మానేసింది. ఎన్‌సీసీ మానేసింది. ఎంతో ఇష్టంగా చేరిన ఎన్‌సీసీ అది. ఇదంతా ప్రేమే అనుకుంది, వాడూ అలాగే అనుకున్నాడు. ఇక వద్దని ఆమె చెప్పిన రోజు చెయ్యి కోసుకుని ఫోటో పంపాడు. భయపడి మళ్లీ మాట్లాడింది. రెండోసారి వద్దన్నప్పుడు, మన ఫోటోలు మీ నాన్నకు పంపుతానన్నాడు.

ఆ తల్లి చెప్పిన మాటల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఆ పిల్ల కత్తికి కూడా అంత భయపడలేదు, నాన్నకు తెలుస్తుందన్న మాటకు వణికిపోయింది. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని, నెల తిరగకుండా సంబంధం చూస్తారని ఆమెకు తెలుసు. ఆ సంగతి వాడికీ తెలుసు. అందుకే ఆ బెదిరింపు నెలల తరబడి పనిచేసింది. కత్తి కొనుక్కోవడానికి చాలా ముందే వాడి చేతికి ఆ ఆయుధం దొరికింది, అది మన ఇళ్ల నుంచే వెళ్లింది.

ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటి? సంఘటన జరిగిన రెండో రోజు నుంచే తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకు టీసీ కావాలని నా గది ముందు నిలబడుతున్నారు. ఒకరు పిల్లను అమ్మమ్మగారి ఊరికి పంపేస్తామన్నారు. ఒకరు మేనరికం ఉంది కాబట్టి ఇక చదువెందుకు అన్నారు. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం, ఆ ప్రయత్నం నా చెవిన పడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి నేనే ఫోన్ చేస్తాను. ఈ మాట మర్యాదగా, ముందుగానే చెబుతున్నాను. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఏ తప్పూ చేయని పిల్లకు మీరు వేసే ఈ శిక్షను క్లాసులో ప్రతి ఆడపిల్లా చూస్తోంది. రేపు తనకు ఏదైనా జరిగితే ఇంట్లో చెప్పకూడదని ఈ వారమే నేర్చుకుంటోంది.

ఇది మన ఊరికి కొత్తేమో గానీ మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని ఒకడు తరగతి గదిలోనే చంపాడు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు స్నేహితురాళ్లు కాలేజీ నుంచి స్కూటీ మీద వస్తుంటే యాసిడ్ పోశారు, వాళ్లలో ఒకరు చనిపోయారు. 2021 ఆగస్టు 15న, ఊళ్లో జెండాలు ఎగురుతున్న ఉదయం, గుంటూరులో బీటెక్ చదివే అమ్మాయిని ఒకడు నడిరోడ్డు మీద పొడిచి చంపాడు. ఆ కేసులో 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు మరణశిక్ష విధించింది. గుంటూరు మనకు గంట దారి, ఆ రోజు మీలో చాలామంది టీవీ ముందు కళ్లు తుడుచుకున్నారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ నేను పనిచేసిన బడుల్లో ఆడపిల్లల హాజరు తగ్గడం చూశాను. నా కొడుకును కూర్చోబెట్టి మాట్లాడాలి, ఎలా మాట్లాడాలో చెప్పండి అని ఒక్క తండ్రి కూడా నా గదికి రాలేదు.

మగపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. పాపకు ఇంట్లో ఫోన్ ముట్టుకోనివ్వరు, బాబుకు పదో తరగతిలోనే రోజుకు రెండు జీబీ డేటా. చెల్లెలు ఎక్కడికి వెళ్లిందో చూసి రమ్మని పన్నెండేళ్ల పిల్లాణ్ణి పంపిస్తారు. అప్పుడే వాడు నేర్చుకుంటున్నాడు, ఆడపిల్లను కాపలా కాయడం తన హక్కని. అడిగింది ఇవ్వకపోతే అన్నం మానేస్తాడని భయపడి సాయంత్రానికల్లా కొనిపెడతారు. చెయ్యి కోసుకుంటే ఎదుటివాళ్లు దిగివస్తారని వాడికి ఎవరు నేర్పారు? ఎనిమిదో తరగతి పిల్లాడు ఒక అమ్మాయి వెనక సైకిల్ వేసుకుని తిరుగుతున్నాడని మేం పిలిపిస్తే, "మావాడు హీరో మేడం" అని నవ్విన తండ్రి ఈ లేఖ కూడా చదువుతున్నారని అనుకుంటున్నాను. ఆ అమ్మాయి వారం రోజులు బడికి రాలేదండీ. ఇంకో సంగతి, పద్దెనిమిది నిండని పిల్లాడికి బైక్ ఇస్తే మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం జైలు, పాతిక వేల జరిమానా పడేది తల్లిదండ్రులకే. గేటు బయట పార్క్ చేసిన బళ్లు ఎవరివో మాకు తెలుసు.

ఇంటిపట్టున ఒకటి గమనించండి. రాత్రి పిల్ల ఫోన్ తీసుకుని బాత్రూంలోకి వెళుతోందా, కాల్ వస్తే ఉలిక్కిపడుతోందా, ఉన్నట్టుండి స్నేహితులను వదిలేసిందా, ఇష్టమైన పని మానేసిందా. అలాంటప్పుడు కేకలు వేసి ఫోన్ లాక్కోకండి. మొదటి మాటగా "నీ చదువు ఆగదు" అని చెప్పండి. ఆ తర్వాత ఎంతసేపైనా వినండి. ఆమె తప్పు చేసిందనిపించినా ఆ రోజు అనకండి. సంబంధం తెంచుకుంటానని పిల్ల చెప్పే రోజులే అన్నిటికంటే ప్రమాదకరమైనవి, నేను పైన రాసిన సంఘటనలు చాలావరకు కాదన్న తర్వాత జరిగినవే. ఆఖరిసారి ఒక్కసారి కలువు, మాట్లాడుకుందాం అని ఎవరైనా పిలిస్తే వెళ్లకూడదని ఆడపిల్లకు ఈ రోజే చెప్పండి. బస్టాండుకు ఆ అమ్మాయి వెళ్లింది అలాంటి పిలుపు మీదే. ఆ కొన్ని వారాలు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నాన్న ఉంటే మరీ మంచిది.

ఎవరైనా చచ్చిపోతానని బెదిరిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని ఆ బరువు ఆడపిల్ల మీద పెట్టొద్దు. ఆ పిల్లాడి ఇంటివాళ్లకు చెప్పడం పెద్దల పని. మనసు బాగోలేనివాళ్ల కోసం 14416 ఉంది, టెలీ మానస్ అంటారు, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోటోలు బయటపెడతానంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. పద్దెనిమిది లోపు పిల్లల నగ్న చిత్రాలు ఇంటర్నెట్‌లో తిరగకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటి వెళ్లాల్సిన పని లేదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది. ఎలా వాడాలో మన కంప్యూటర్ సార్ చూపిస్తారు, ఎందుకని అడగరు. అత్యవసరమైతే 112, మహిళలకు 181. వద్దని చెప్పినా వెంటపడటం, ఆన్‌లైన్‌లో నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు. ఏ పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాలి, మా పరిధి కాదనకూడదు. పద్దెనిమిది లోపు అమ్మాయి "నాకూ ఇష్టమే" అన్నా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం దాన్ని అంగీకారంగా చూడదు. మగపిల్లల ఇళ్లలో కూడా ఈ సంగతి తెలియాలి.

ఇంకో విన్నపం వచ్చింది. తరగతుల్లో ఆడపిల్లలను, మగపిల్లలను పూర్తిగా విడదీయాలని, పిల్లలే రాసి గోడకు అంటించే గోడపత్రిక, సైన్స్ క్లబ్ లాంటి కలిసి చేసే పనులు ఆపేయాలని కొందరు సంతకాలు పెట్టి ఇచ్చారు. గౌరవంగానే చెబుతున్నాను, అది నేను చేయను. ఈ బడికి వచ్చిన నాటి నుంచి నేను పట్టుబట్టి నిలబెట్టినది ఏదైనా ఉందంటే అది ఆ గోడపత్రికే. ఆడపిల్లతో మాట్లాడే అలవాటే లేకుండా పెరిగిన పిల్లాడికి ఒక అమ్మాయి నోట్స్ ఇచ్చినా, నవ్వినా ప్రేమే అనిపిస్తుంది. ఆమె ఇంకొకరితో నవ్వితే మోసం అనిపిస్తుంది. అదే పిల్లాడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పక్కన కూర్చుని, ఆమె తన వ్యాసంలో మూడు పేరాలు కొట్టేస్తే ఉడుక్కుని, మర్నాడు మళ్లీ రాసుకొచ్చి, అది బాగుందని ఆమె చేతే అనిపించుకుంటే, ఆమె తనలాంటి మనిషేనని వాడికి తెలుస్తుంది. కాదనే హక్కు ఆమెకుందని ఏ ఉపన్యాసమూ అక్కర్లేకుండా అర్థమవుతుంది. పిల్లలు ఓడిపోవడం, కాదనిపించుకోవడం, మర్నాడు మామూలుగా బడికి రావడం నేర్చుకునే చోటు అది. మధ్యలో గోడ కడితే వాళ్లు మాట్లాడుకోవడం మానరు, రాత్రి పన్నెండింటికి ఫోన్లో మొదలుపెడతారు. అక్కడ సరిదిద్దేవాళ్లు ఎవరూ ఉండరు. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆ గోడపత్రిక ఆగదు.

ఈ నెల సంచిక చూశారా? తొమ్మిదో తరగతి బి సెక్షన్ పిల్లలు మన చెరువు నీటి మీద రాశారు. నీటిని పరీక్షించిన జట్టులో ముగ్గురమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. పంచాయతీ కార్యదర్శి గారు స్వయంగా వచ్చి చదివి వెళ్లారు. ఆ జట్టు నడిపిన అమ్మాయి కిందటేడు పరీక్ష రాసి, పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పిల్ల, ఏడాదికి 12,000 రూపాయలు ఇంటర్ పూర్తయ్యే వరకు వస్తుంది. ఇంత చిన్న వయసులోనే సంపాదించింది! మన ఖోఖో అమ్మాయిలు జిల్లా స్థాయికి వెళుతున్నారు. వాళ్ల కెప్టెన్ పోల్ దగ్గర మలుపు తిరిగే తీరు చూడటానికి నేను రోజూ సాయంత్రం గ్రౌండులో నిలబడతాను. పదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. ఆ ఫోటో గ్రూపులో తిరుగుతోందని మొదట నా దగ్గరకు వచ్చి చెప్పింది వాడే. ఇంట్లోని ఫోన్‌లో చూశాడట, నాన్నను తీసేయమని అడిగాడట. ఆ పిల్లాణ్ణి చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో రాయలేను.

మిగిలిన విషయాలు క్లుప్తంగా. త్రైమాసిక పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం. పదో తరగతి నామినల్ రోల్స్‌లో, అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల జాబితాలో, పేరు, పుట్టిన తేదీ సరిచూసి సంతకం చేసి పంపండి, తర్వాత మార్చడం కష్టం. అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) రానివాళ్లు ఆధార్ కాపీ తేవాలి. గురువారం ఐరన్ మాత్రలు ఇస్తాం, పిల్లలు అన్నం తిన్నాకే.

శనివారం సాయంత్రం నాలుగింటికి సమావేశం పెట్టాం. ఎప్పటిలా అమ్మలు మాత్రమే వచ్చి నాన్నకు పని ఉందని చెబితే కుదరదు, ఈసారి నాన్నలు రావాలి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచండి, కిందటి సమావేశంలో నేను మాట్లాడుతుండగా ముందు వరుసలోనే రీల్స్ మోగాయి. స్టేషన్ నుంచి మహిళా ఎస్ఐ గారు వస్తున్నారు, ఆవిడను ఏదైనా అడగవచ్చు. టీసీ దరఖాస్తులన్నీ నా టేబుల్ మీదే ఉన్నాయి. సమావేశం అయ్యాక ఒక్కొక్క కుటుంబంతో విడిగా కూర్చుంటాను, అమ్మాయి కూడా మన పక్కనే కూర్చుంటుంది, ముందు ఆమె మాట వింటాం. ఆ తర్వాతే సంతకం సంగతి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు