వేరుశనగ పప్పు అమ్మకం ఎందుకు నిలిపివేశాము

పెరటి పక్షుల మేత కోసం ఎంతో కాలంగా మా దుకాణాన్నే నమ్ముకున్న మీకు ఈ సంగతి మా నోటితోనే తెలియాలి. వేరుశనగ పప్పు అమ్మకాన్ని నిలిపివేశాము. పొద్దుతిరుగుడు గింజలు, చిరుధాన్యాల మిశ్రమం, ఫీడర్లు ఎప్పటిలాగే దొరుకుతాయి. ధర పెంచడానికే సరుకు దాచామని కొందరు అనుకుంటున్నట్టు మా చెవిన పడింది. అది నిజం కాదు. సరుకు వచ్చింది, మేమే తిప్పి పంపాము.

చాలాకాలంగా మాకు పప్పు పంపుతున్న సరఫరాదారు ప్రతి లాటుతోపాటు, అంటే ఒక విడతగా వచ్చే సరుకుతోపాటు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి చేసిన పరీక్ష నివేదికను జతచేస్తానని మాట ఇచ్చారు. ఈసారి నివేదికలో ఉన్న లాటు సంఖ్య ఒకటి, బస్తాల మీద ఉన్నది మరొకటి. అంటే పాత సరుకు కాగితాన్నే కొత్త సరుకుకు తగిలించారు. కుట్టు విప్పి చూస్తే బస్తా అడుగు మూలల్లో పప్పు చెమ్మకు ఉండకట్టి ఉంది. బద్దలు విడదీస్తే మొలక దగ్గర బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపించింది. ఫోను చేసి అడిగితే ఆయన, "తినేది పిట్టలే కదా, పాడైనవి ఏరేసి మిగతావి అమ్ముకోండి" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

పిట్టలే కదా అని తీసిపారేసిన ఆ విషం సంగతి లోకానికి తెలిసిందే పక్షుల చావుల వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో సుమారు లక్ష టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోగా, కారణం వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండి అని తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలే ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. దీనికి రంగు, వాసన ఉండవు కనుక బూజు కనిపించని పప్పులోనూ ఉండవచ్చు. వేయించినా పూర్తిగా పోదు. పైగా ఇది సరుకంతటా సమంగా పరుచుకోదు, కొద్దిపాటి గింజల్లోనే పెద్ద మోతాదులో పేరుకుంటుంది. అందువల్ల గుప్పెడు పప్పు పరీక్షకు పంపి బాగుందనుకోవడానికి గాని, కంటితో ఏరి అమ్మడానికి గాని వీల్లేదు.

నిజానికి నన్ను నిద్రపోనివ్వనిది సరుకు తిప్పి పంపడం కాదు, ఆ తర్వాత ఏం చేయాలన్నది. మరొకరి దగ్గర కొనవచ్చు. ఇద్దరు ముందుకొచ్చారు కూడా. కానీ ఇద్దరూ సంవత్సరానికి ఒకసారి నివేదిక ఇస్తామన్నారే తప్ప లాటు లాటుకూ ఇస్తామనలేదు. పప్పు కోసమే వచ్చే వారు వేరే దుకాణానికి వెళ్లిపోతారని, అలా వెళ్లినవారు గింజలు కూడా అక్కడే కొంటారని ఇంట్లోవారు హెచ్చరించారు. ఆ నష్టం నాకు తెలుసు. అయినా, చనిపోయిన పిట్ట ఎవరి పెరట్లోని పప్పు తిన్నదో ఎవరూ నిరూపించలేరన్న ధైర్యంతో వ్యాపారం చేయడం నాకు చేతకాదు. బస్తా మీది లాటు సంఖ్యకు సరిపోయే నివేదిక చేతికి వచ్చేవరకు మా దుకాణంలో పక్షులకు వేరుశనగ ఉండదు. దీన్ని మొండితనం అనేవారు అనవచ్చు.

మీ ఇంట్లో ఉన్న పప్పు ఇంతకుముందటి లాటులోది, దానికి సరైన నివేదిక ఉంది. అయితే ఇంట్లో చెమ్మ తగిలినా బూజు పట్టవచ్చు కనుక పొడిగా ఉండే చోట నిల్వ చేయండి. ముక్కిన వాసన వస్తే పక్షులకు అందని విధంగా మూటగట్టి పారేయండి. పక్షులు పిల్లలను సాకే రోజుల్లో పప్పును విడిగా చల్లకుండా తీగజాలీ ఫీడర్‌లోనే పెట్టండి, లేకపోతే తల్లిపక్షి ముక్కలు చేయకుండా తెచ్చిన పప్పు పిల్ల గొంతులో అడ్డుపడవచ్చు.

పప్పుకు బదులు పొట్టు తీసిన పొద్దుతిరుగుడు గింజలు పెట్టవచ్చు. ఒక రోజులో తినేంతే వేయండి, తొట్టెలో నీరు రోజూ మార్చండి, ఫీడర్‌ను వారానికోసారి కడిగి, ఒక వంతు బ్లీచ్ తొమ్మిది వంతుల నీటిలో కలిపి శుభ్రం చేసి, మళ్లీ మంచినీటితో కడిగి పూర్తిగా ఆరాకే నింపండి. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికి వెళ్లినా ఎగరని పక్షి కనిపిస్తే మేత, నీరు కనీసం రెండు వారాలు ఆపండి. అవి గుమిగూడే కొద్దీ జబ్బు పాకుతుంది.

పప్పు కోసం ముందే డబ్బు కట్టినవారు రసీదు తెస్తే మొత్తం తిరిగి ఇస్తాము, లేదా అంత విలువకు గింజలు ఇస్తాము. వచ్చే లాటు నివేదిక అందిన రోజున దాన్ని దుకాణం గోడకు అంటిస్తాము. బస్తా మీది సంఖ్యతో మీరే సరిచూసుకుని కొనండి.