ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది, మంత్రిగారూ?

బెంగళూరు

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి నమస్కారాలతో రాయునది.

అయ్యా,

ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ కన్నడంలో రాయించి, రశీదు తీసుకుని, వేర్వేరు కార్యాలయాల్లో ఇచ్చాను. మొదటి రెండింటికి జవాబే రాలేదు. మూడోదానికి, మీ వినతి సంబంధిత విభాగానికి పంపడమైనదని ఒక్క వాక్యం వచ్చింది. నాలుగోదానికీ అదే వాక్యం, అదే అక్షరదోషంతో సహా వచ్చింది. అందుకే ఈసారి నా సొంత భాషలో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఈ నగరంలో తెలుగు చదవగలిగినవాళ్లకు కొదవ లేదు కనుక, వారిలో ఎవరో ఒకరు మీకు చదివి వినిపిస్తారని నా ఆశ. ఆ కార్యాలయాల పేర్లు గానీ, ఇప్పుడు చెప్పబోయే బస్ స్టాండు పేరు గానీ నేను రాయడం లేదు. రాస్తే ఒక కాపలాదారుకు మెమో, ఒక గుమాస్తాకు బదిలీ అందుతాయి, దాంతో ఫైలు మూసేస్తారు. నాకు కావలసింది అది కాదు.

పునీత్ రాజ్‌కుమార్ గారి పేరిట నడుస్తున్న హృదయజ్యోతి పథకం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. 2021 అక్టోబర్ 29న, 46 ఏళ్ల వయసులో ఆ కన్నడ నటుడు గుండెపోటుతో వెళ్లిపోయిన రోజు మా వీధిలో కన్నడిగులూ తెలుగువాళ్లూ అన్న తేడా లేకుండా పొయ్యి వెలగని ఇళ్లు ఉన్నాయి. అందుకే ఆయన పేరుతో బస్ స్టాండ్లలోనూ జనం తిరిగే చోట్లలోనూ లయ తప్పిన గుండెకు షాకు ఇచ్చి దారిలో పెట్టే ఏఈడీ యంత్రాలు పెడతామని మీ ప్రభుత్వం చెప్పినప్పుడు మేమందరం మెచ్చుకున్నాం. 2025లో హాసన్ జిల్లాలో గుండెపోటు మరణాల కలకలం లేచినప్పుడు మళ్లీ ఆ మాటే విని, మళ్లీ మెచ్చుకున్నాం. మెచ్చుకోవడంలో మా వైపు నుంచి ఏ లోపమూ జరగలేదని మనవి.

ఇక అసలు విషయం. పోయిన సంక్రాంతికి రెండు రోజుల ముందు, రాత్రి 10.40 ప్రాంతంలో, కదిరి వెళ్లే మా అక్కను బస్సెక్కించడానికి ఆ బస్ స్టాండుకు వెళ్లాను. పండగ జనం. మా పక్క బెంచీ మీద నలభై అయిదేళ్ల బేల్దారి మేస్త్రీ ఒకాయన, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. కాళ్ల దగ్గర గోతంలోంచి తాపీ పిడి, రసమట్టం కొసా బయటికి కనిపిస్తున్నాయి. ఆయన కునుకు తీస్తున్నవాడిలా మెల్లగా పక్కకు ఒరిగాడు. ఆమె తల కింద చెయ్యి పెట్టి పడుకోనిచ్చింది. కాసేపటికి గురక లాంటి శబ్దం మొదలైంది. ఒక గురకకీ మరో గురకకీ మధ్య ఎడం మరీ ఎక్కువగా ఉండటంతో నాకు అనుమానం వచ్చింది.

2019లో మా ఆఫీసులో రెండు గంటలపాటు ప్లాస్టిక్ బొమ్మ మీద సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి రక్తం ఆడించడం, నేర్పించారు. ఆ రోజు చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది ఒకటే. గుండె ఆగిన మనిషి వెంటనే శవంలా పడి ఉండడు, నీళ్లలోంచి తీసిన చేపలా అప్పుడప్పుడూ నోరు తెరిచి గాలి కోసం ఎగదన్నుతాడు, దాన్ని ఊపిరి అనుకుని మోసపోవద్దు అని. భుజాలు తట్టి గట్టిగా పిలిచాను. పలకలేదు. నేల మీదికి దించి, 108కి ఫోన్ చేయమని ఒక కుర్రవాడికి చెప్పి, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి అడుగుభాగం ఆనించి, రెండో చెయ్యి పైన వేసి నొక్కడం మొదలుపెట్టాను.

బొమ్మకూ మనిషికీ చాలా తేడా ఉందండీ. 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలనీ, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలనీ వినడం తేలిక. పదో నొక్కుకో పదకొండో నొక్కుకో నా చేతి కింద ఏదో పటుక్కుమంది. పక్కటెముక విరిగినా ఆపవద్దని చెప్పారు కనుక ఆపలేదు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఊపిరి ఆడతాండాది సూడు సామీ! యాల అట్ల అదుముతాండావు, సంపేస్తావా ఏమి?" అని ఏడ్చింది. ఆమెను తప్పుపట్టలేను, చూసేవాళ్లకు అది అలాగే ఉంటుంది. మా అక్క ఆమెను పొదివి పట్టుకుంది. రెండు నిమిషాలయ్యేసరికి నా చేతుల్లో బలం సన్నగిల్లింది. చుట్టూ నలభై మంది ఉన్నారు, కనీసం పదిహేను ఫోన్లు వీడియో తీస్తున్నాయి. చివరికి ఒక ఆటో డ్రైవరు వచ్చి నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "నేను చూస్తూనే ఉన్నాను సార్, మీరు లేవండి" అని అందుకున్నాడు. ఏ శిక్షణా లేదు. నేను లెక్కపెడుతుంటే లెక్కకు తగ్గట్టు నొక్కాడు. నోట్లో నోరు పెట్టి గాలి ఊదాల్సి వస్తుందేమోనని జనం భయపడతారు గానీ, శిక్షణ లేనివాళ్లు ఛాతీ నొక్కితే చాలని మన దేశపు మత్తు వైద్యుల సంఘమే 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ సంగతి ఆ స్టాండులో ఎక్కడా రాసి లేదు. గుట్కా హెచ్చరిక మాత్రం మూడు చోట్ల ఉంది.

ఇప్పుడు మీ యంత్రం సంగతి చెబుతాను.

గుండె బొమ్మ, మధ్యలో మెరుపు గీత, పక్కన బాణం గుర్తు ఉన్న స్టిక్కరు అంతకుముందే మా అక్క కంట పడింది. ఆమె వయసు అరవై రెండు, చదివింది అయిదో తరగతి. అయినా ఆ బొమ్మ అర్థమై పరుగెత్తింది, కాబట్టి స్టిక్కరు బాగుందని ఒప్పుకోవాలి. బాణం చూపిన చోటికి వెళితే గోడకు నాలుగు మేకు రంధ్రాలు మాత్రమే ఉన్నాయట. దొంగలెత్తుకుపోతారేమోనని పెట్టెను ఊడదీసి కంట్రోలర్ గదిలో గాజుతలుపుల బీరువాలో భద్రపరిచారు. గదికి తాళం లేదు, బీరువాకు ఉంది. ఆ తాళంచెవి పగటి డ్యూటీ సూపర్‌వైజరు దగ్గర ఉంటుంది. ఆయన పదింటికే ఇంటికి వెళ్లిపోయాడు. కాపలాదారు ఫోన్ చేస్తే, మారు తాళంచెవి ఉందన్నాడు. ఎక్కడుందని అడిగితే, అదే బీరువాలో పై అరలో ఉందన్నాడు.

మంత్రిగారూ, ఈ వాక్యం మీరు మరోసారి చదవాలని కోరుతున్నాను. మారు తాళంచెవి, తాళం వేసిన ఆ బీరువాలోనే ఉంది.

అద్దం పగలగొడతానంటే కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. ప్రభుత్వ సొత్తు, నా జీతంలోంచి కోస్తారు అన్నాడు. నెలకు ఎంతొస్తుందో ఆ మనిషి మొహం చూస్తేనే తెలుస్తోంది, అతని మీదా నాకు కోపం లేదు. చివరికి రెండో ఆటో డ్రైవరు జాకీ రాడ్డు తెచ్చాడు. అతని పేరు, ఫోన్ నంబరు పుస్తకంలో రాసుకుని, సంతకం పెట్టించుకున్నాకే కాపలాదారు పక్కకు తప్పుకున్నాడు. తాళం ఊడేసరికి, నేను నొక్కడం మొదలుపెట్టి పన్నెండు నిమిషాలు గడిచాయి. గుండె లయ తప్పి కొట్టుకులాడుతున్న మనిషికి ఏ సాయమూ అందకపోతే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని మీ శాఖ వైద్యులే చెబుతారు. చేతులతో నొక్కడం ఆ తరుగుదలను కాస్త నెమ్మదింపజేస్తుంది గానీ, ఆపలేదు. ఆపాల్సింది పాత తువ్వాలులో చుట్టి ఉన్న ఆ పెట్టె.

తువ్వాలు ఎందుకు చుట్టారో తరువాత తెలిసింది. ఛాతీకి అంటించే ప్యాడ్లు గానీ, బ్యాటరీ గానీ చెడితే ఏఈడీ తనంతట తానే ఎర్ర దీపం వెలిగించి కూస్తుంది. ఆ కూత రాత్రి డ్యూటీవాళ్లకు నిద్రాభంగం అయిందట. "ఆ లైటు ఎప్పుడూ అట్లే ఉంటుంది సార్" అన్నాడు కాపలాదారు. ఎన్ని నెలలుగా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

మూత తెరవగానే యంత్రం ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది. అది చెప్పినట్టే చొక్కా చించి, చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంకకు దిగువన అంటించాం. అంటలేదు. కవరు మీది గడువు తేదీ ఏడు నెలల కిందట దాటిపోయింది. జిగురు ఎండిన గంజిలా పొరలు పొరలుగా లేస్తోంది. చేత్తో అదిమి పట్టినా లాభం లేకపోయింది. "చెక్ ప్యాడ్స్, చెక్ ప్యాడ్స్" అని అది చెబుతూనే ఉంది. తొమ్మిదిసార్లు చెప్పింది. లెక్కపెట్టడం అప్పటికి నాకు అలవాటైపోయింది. పండగ రద్దీలో చిక్కుకున్న అంబులెన్సు వచ్చేదాకా మేమిద్దరం మార్చి మార్చి నొక్కుతూనే ఉన్నాం. ఆస్పత్రిలో అరగంట ప్రయత్నించి చాలించారు.

ఆ యంత్రం పనిచేసి ఉంటే ఆయన బతికేవాడని నేను అనను. ఏఈడీ ప్రతి గుండెకూ షాకు ఇవ్వదు. గుండె గతి తప్పి వణుకుతుంటేనే ఇస్తుంది, పూర్తిగా చల్లబడితే ఇవ్వదు. ఆ తేడా మనం కనిపెట్టలేం, అదే కనిపెట్టి చెబుతుంది. ఆ మేస్త్రీ గుండె ఏ స్థితిలో ఉందో కనిపెట్టే పరికరం పాతిక అడుగుల దూరంలో ఉండి కూడా మాకు ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయింది. నా బాధ అంతా అక్కడే ఉంది. అమెరికాలో జూదశాలల సెక్యూరిటీ గార్డులకు ఇవే యంత్రాలిచ్చి నేర్పిస్తే, అలా వణికే గుండెతో కళ్ల ముందు కూలిపోయి 3 నిమిషాల్లోపు షాకు అందుకున్నవారిలో 74 శాతం మంది ప్రాణాలతో ఇంటికి వెళ్లారని 2000లో వచ్చిన అధ్యయనం చెప్పింది. వాళ్లు డాక్టర్లు కారు, పేకాట బల్లల దగ్గర కాపలా కాసేవాళ్లు. మా బస్ స్టాండు కాపలాదారుకు మాత్రం తాళంచెవి ఇవ్వడానికి కూడా నమ్మకం చాలలేదు.

ఇంకో మాట. అంతా అయ్యాక ఒక కానిస్టేబులు వచ్చి నన్ను పక్కకు పిలిచి, చనిపోయినాయన నాకేమవుతాడు, నేను డాక్టరునా, కాకపోతే ఎందుకు ముట్టుకున్నానని ముప్పావుగంట అడిగాడు. ఆటో డ్రైవరు రాత్రి బేరం పోగొట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఆపదలో సాయపడినవారికి రక్షణగా దేశంలో అందరికంటే ముందు సొంత చట్టం తెచ్చిన రాష్ట్రం మనది, దానికి 2018లో రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. ఆ చట్టం పేరు ఆ కానిస్టేబులు విని ఉండలేదు. ఆ స్టిక్కరు మీదే రెండు లైన్లు, సాయపడినవారిని ఎవరూ వేధించరని అచ్చువేయిస్తే ఎంత ఖర్చవుతుంది?

పెట్టెను గోడకు బిగించిన నాడు రిబ్బను కత్తిరించిన ఫోటో, పెద్దల పేర్లు చెక్కిన పలక ఇంకా ఆ గోడ మీదే ఉన్నాయి. వాటిని ఎవరూ ఎత్తుకుపోతారని భయపడలేదు కాబోలు, బీరువాలో పెట్టలేదు.

నేను కొత్త యంత్రాలు అడగడం లేదు, అయ్యా. ఉన్నదానికి తాళం తీయించండి. ఎర్ర దీపం వెలిగితే ఎవరికి చెప్పాలో ఒక ఫోన్ నంబరు దాని మీద రాయించండి, ఆ నంబరుకు ఎవరైనా పలికేలా చూడండి. ప్యాడ్ల గడువు తేదీ నెలకొకసారి చూసి సంతకం పెట్టే పని ఎవరిదో తేల్చండి. మరుగుదొడ్డి శుభ్రం చేసినట్టు గంటకొక సంతకం పెట్టే కాగితం అక్కడ తలుపుకు వేలాడుతూనే ఉంది, అలాంటిదే ఇంకొకటి చాలు. ఊడ్చేవాళ్లకూ, కండక్టర్లకూ, టీ బంకువాళ్లకూ, ఆటోవాళ్లకూ రెండు గంటలు బొమ్మ మీద నేర్పించండి. యంత్రం చేత కన్నడం మాట్లాడించండి. తాళం మాత్రం ముందు తీయించండి. అర్జీని సంబంధిత విభాగానికి పంపకండి, దయచేసి. సంబంధిత విభాగం ఏదో మాకెవరికీ దొరకలేదు.

పోయిన వారం పనిగట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. బీరువాకు కొత్త తాళం వేశారు, పాతదానికంటే పెద్దది.

ఆ మేస్త్రీ భార్య నెలమాసికం అయ్యాక మా అక్క దగ్గర నంబరు తీసుకుని నాకు ఫోన్ చేసింది. ఆ రాత్రి నన్ను తిట్టినందుకు ఏమీ అనుకోవద్దంది. కాసేపు ఊరుకుని, "ఆ పెట్టెలోనుంచి ఆడమనిషి ఒగామె మళ్లీ మళ్లీ ఏందో చెప్తాండె కదా సామీ, మా ఆయన్ను గురించి ఏం చెప్పె?" అని అడిగింది. ఆమెకు నేనింకా జవాబు చెప్పలేదు. మీ దగ్గరినుంచి ఏదైనా వస్తే చెబుదామని ఆగాను.

ఇట్లు,
ఇరవై ఏడేళ్లుగా ఈ నగరంలో ఉంటున్న ఒక తెలుగువాడు