బిగించిన చేయే సరిచూస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం ప్రస్తావన రాగానే మా విజయనగరం జిల్లాలో ముందుగా వినిపించేది ఉద్యోగాల మాట. విమానాల మరమ్మతు కేంద్రాలు ఇక్కడికీ రావాలని, ఐటీఐ, డిప్లొమా చదివిన మన పిల్లలకు వాటిలో చోటు దొరకాలని ఆశించడం న్యాయమే. అయితే విడిభాగాన్ని బిగించడం ఎంత శ్రద్ధగా నేర్పుతారో, బిగించాక పరీక్షించడం కూడా అంతే శ్రద్ధగా నేర్పాలని కోరుతున్నాను.

2018 నవంబరు 11న పోర్చుగల్‌లో భారీ నిర్వహణ పనులు ముగించుకొని బయలుదేరిన ఎయిర్ ఆస్తానా ఎంబ్రాయర్ విమానంలో, దాన్ని పక్కలకు ఒరిగించే ఐలెరాన్ల (రెక్కల వెనుక అంచున కదిలే పలకల) కేబుళ్లు తారుమారుగా అమర్చి ఉన్నాయి. అదుపు తప్పిన ఆ విమానాన్ని పైలట్లు ఎంతో ప్రయాసపడి బేజా వైమానిక స్థావరంలో దించడంతో అందులోని ఆరుగురూ బతికారు. మరమ్మతు సాగుతుండగానే కంట్రోళ్లలో లోపముందన్న హెచ్చరిక కనిపించిందనీ, సిబ్బంది రోజుల తరబడి దాని కారణం వెతికారనీ తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎందుకంటే ఒకరు కాక్‌పిట్‌లో కంట్రోల్ చక్రం తిప్పుతుంటే మరొకరు బయట నిలబడి ఏ వైపు ఐలెరాన్ పైకి లేస్తోందో చూస్తే నిమిషాల్లో బయటపడే తప్పు అది. ఐలెరాన్ కదిలితే చాలదు, కదలవలసిన వైపే కదలాలి.

2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో టేకాఫ్ కాగానే కూలి 21 మందిని బలిగొన్న ఎయిర్ మిడ్‌వెస్ట్ విమానం కథ ఇంకా బాధాకరం. విమానం ముక్కును పైకీ కిందికీ వంచే తోక పలక, అంటే ఎలివేటర్, కేబుళ్లను అంతకు రెండు రోజుల ముందు తప్పుగా సవరించిన మెకానిక్‌కు ఆ రకం విమానంపై ఆ పని కొత్త. పని నేర్పుతూ కొన్ని దశలు వదిలేయవచ్చన్న ఇన్‌స్పెక్టరే తర్వాత తనిఖీ కూడా చేశారు.

చివరి పరీక్షకు దొరకని తప్పులూ ఉంటాయి. జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747లో లోపలి గాలి పీడనాన్ని నిలిపి ఉంచే వెనుక గోడకు 1978లో వేసిన అతుకులో ఒకే పలక ఉండవలసిన చోట రెండు ముక్కలు పెట్టారు. ఆ విమానం ఏడేళ్లు ఎగిరి, 1985 ఆగస్టు 12న కూలగా 520 మంది చనిపోయారు. ఇలాంటి పనిని రివెట్లు పడకముందే రెండో మనిషి చూడాలి.

కంట్రోళ్లను కదిపిన పనిని ఇద్దరు వేర్వేరుగా తనిఖీ చేయాలన్న నియమం మన దేశంలోనూ ఉంది. కానీ తెల్లవారితే విమానం బయలుదేరాలన్న తొందరలో ఆ రెండో సంతకం మొహమాటపు సంతకంగా మారే ప్రమాదముంది. పైగా సీనియర్ చేసిన పనిని జూనియర్ ప్రశ్నిస్తే అమర్యాదగా చూసే అలవాటు మన వర్క్‌షాపుల్లో ఇంకా పోలేదు.

అశోక్ గజపతిరాజు, రామ్మోహన్ నాయుడుల రూపంలో పౌర విమానయాన శాఖకు ఇద్దరు మంత్రులను ఇచ్చిన ప్రాంతం మనది కనుక, ఇక్కడ పెట్టబోయే శిక్షణలోనైనా ఈ అలవాటు మాన్పించే ఏర్పాటు చేయాలి. కావాలనే తప్పుగా అమర్చిన కేబుళ్లను ప్రాక్టికల్ పరీక్షలో ముందుంచి, ఆ లోపం పట్టుకొని సంతకం చేయనని చెప్పిన విద్యార్థికే మార్కులు వేయాలి.

— ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు,
గజపతినగరం, విజయనగరం జిల్లా