మంత్రి గారూ, వాన పీహెచ్ ఒక్కటే చూసి సరిపెట్టకండి

పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఆమ్ల వర్షం అనగానే అధికారులు గంధకం గురించి మాట్లాడతారు, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట) 5.6కి పైన ఉంటే ఇక టెన్షన్ లేదని ఫైలు మూసేస్తారు. అక్కడే తేడా కొడుతోంది.

వాహనాల పొగ, బొగ్గు పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లమై వానతో దిగుతాయి, అది తెలిసిందే. పేడ నుంచి, యూరియా చల్లిన పొలాల నుంచి లేచే అమ్మోనియా సంగతే ఎవరూ ఎత్తరు. అది గాలిలో ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేసేసి తాను అమ్మోనియంగా మారుతుంది కాబట్టి మీటర్ మీద వాన నీళ్లు శుభ్రంగానే కనిపిస్తాయి, తీరా నేలలో పడ్డాక ఆ అమ్మోనియంను బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి, ఒక్కో అమ్మోనియం అయాన్‌కు రెండు హైడ్రోజన్ అయాన్లు, అంటే ఆమ్లమే, బయటపడతాయి. ఆమ్లం ఎక్కడికీ పోలేదండీ, వాయిదా పడిందంతే!

మొక్కలు వాడుకోగా మిగిలిన నైట్రేట్‌ను మట్టి పెద్దగా పట్టి ఉంచలేదు. నీటితో కిందికి జారుతూ క్యాల్షియం, మెగ్నీషియంలను కూడా వెంట లాక్కుపోతుంది. పీహెచ్ 5 కంటే తగ్గితే అల్యూమినియం కరిగి వేళ్ల కొనలను దెబ్బతీస్తుంది, వాగులో కలిస్తే చేపల మొప్పల మీద పేరుకుంటుంది. నేలలో ఆమ్లం మరీ ఎక్కువైతే నైట్రేట్ తయారుచేసే బాక్టీరియా కూడా నెమ్మదిస్తాయి, చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెల్లో నత్రజని పట్టడం తగ్గుతుంది. నైట్రేట్‌ను తిరిగి నైట్రోజన్ వాయువుగా మార్చే పనిలో చివరి మెట్టు కుంటుపడి, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడి పట్టే నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా వెలువడుతుంది.

సున్నం చల్లిస్తే పోలా అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. అమెరికాలోని హబ్బార్డ్ బ్రూక్ అడవిలో 1999లో ఒక వాగు పరీవాహకమంతా సున్నంలాగే ఆమ్లాన్ని తగ్గించే క్యాల్షియం ఖనిజం చల్లారు. చెట్లు కోలుకున్నాయి, బాగానే ఉంది, కానీ దాదాపు పదేళ్ల తర్వాత అదే వాగులో నైట్రేట్ బాగా పెరిగింది. నేలలో దాగిన నత్రజని కదిలితే అంతే మరి.

కాబట్టి వాన నమూనాల్లో పీహెచ్‌తో పాటు అమ్మోనియం, నైట్రేట్ కొలిపించండి. ఉద్గారాల పరిమితుల్లోకి అమ్మోనియాను కూడా తెండి, 1999 నాటి గోథెన్‌బర్గ్ ఒప్పందంలో యూరప్ దేశాలు ఆ పని చేశాయి. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, బావులు, చెరువుల లెక్కలు కూడా జనం ముందు పెట్టండి. పొడి రోజుల్లో గాలిలో పేరుకున్నదంతా తొలి జల్లులకే దిగుతుంది, అందుకని ఆ నీళ్లు వదిలేయకుండా పట్టించండి.

ఇట్లు,
ఒక పౌరుడు