ఇంకుడు గుంతలు కాగితాల మీదేనా?

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వస్తే తిరుపతిలో ట్యాంకర్ కోసం పడే టెన్షన్ అందరికీ తెలిసిందే. అదే వీధుల్లో మేడ మీది ట్యాంకు పొంగి నీళ్లు కాలువ పాలవుతుంటే కడుపు తరుక్కుపోతుంది. ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తే ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోతుంది కదా! ఆర్‌ఓ ఫిల్టరు లీటరు మంచినీళ్లకు సాధారణంగా రెండు మూడు లీటర్లు వదిలేస్తుంది. ఆ పైపు కింద బకెట్ పెడితే ఇల్లు తుడవడానికి, బాత్‌రూముకు వాడుకోవచ్చు. లవణాలు ఎక్కువ కాబట్టి మొక్కలకు మాత్రం రోజూ పోయొద్దు. మల్లె పాదుల్లో వేరుశనగ పొట్టు పరిచి సాయంత్రం తడిపితే తేమ నిలుస్తుంది.

2021 నవంబరులో ఊరు మునిగేంత వాన కురిసింది. ఇళ్ల చుట్టూ సిమెంటే ఉంటే ఆ నీరు ఎక్కడ ఇంకుతుంది? కొత్త ఇళ్లలో ఇంకుడు గుంత నిజంగా తవ్వారో లేదో అధికారులు వచ్చి చూడాలి. అక్టోబరు వానల్లోపే ఈ పని మొదలుపెట్టాలి.

– ఒక గృహిణి, తిరుపతి