సంఘంలో ఉంటే సరా, కాలేజీ మూతపడితే దిక్కెవరు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ చదువుల పేజీలో అమెరికా, కెనడాల్లోని స్వతంత్ర ఆర్ట్, డిజైన్ కాలేజీల సంఘం ఐకాడ్ గురించి వేసిన వార్త చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. అందులో ఐకాడ్‌ను 'కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ' అని రాసేశారు. కాదండీ. 1991లో కొన్ని కాలేజీలు కలిసి పెట్టుకున్న సభ్యత్వ సంఘం అది, ఎవరికీ గుర్తింపు ఇవ్వదు, ఎవరి గుర్తింపూ తీసెయ్యదు. అక్రెడిటేషన్ ఇచ్చేవాళ్లు వేరే ఉన్నారు: కాలేజీ మొత్తానికైతే మిడిల్ స్టేట్స్ లాంటి కమిషన్లు, ఆర్ట్ కోర్సులకు ప్రత్యేకంగా 1944 నుంచి ఉన్న నాసాడ్. ఈ రెంటినీ కలగాపులగం చేసి అచ్చేస్తే, 'సంఘంలో ఉందట, ఇంక టెన్షన్ లేదు' అనుకుని అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రుల గతేం కావాలి? అదే ఇంజనీరింగ్ సీట్ల వార్త అయితే ఇలా రాసేవారా? కటాఫ్ ర్యాంకు ఒక్క అంకె తప్పినా మర్నాడే సవరణ వేస్తారు. బొమ్మలేసుకునే పిల్లల సంగతి కదా, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నారు.

ఆ సంఘం పనికిరానిదని నేను అనడం లేదు. స్వతంత్ర కాలేజీ అంటే వెనక పెద్ద యూనివర్సిటీ అండ లేనిది. నష్టం వస్తే పూడ్చడానికి మెడికల్ కాలేజీ ఉండదు, టికెట్లమ్మి డబ్బు తెచ్చే ఫుట్‌బాల్ జట్టు ఉండదు. చాలావాటికి చెప్పుకోదగ్గ మూలధనం కూడా లేదు. అంతా పిల్లల ఫీజుల మీదే నడవాలి, ఖర్చులు చూస్తే మట్టి పాత్రలు కాల్చే కిల్న్‌లు, గాజు కొలిమి, బొమ్మలు అచ్చేసే లితో ప్రెస్సు, మగ్గాలు, అవి నడపడానికి మనుషులు, ఒక్కో స్టూడియోలో పది పదిహేను మందికి మించి పట్టరు. అలాంటివి దాదాపు 40 కాలేజీలు ఒకచోట చేరి లెక్కలు పోల్చుకుంటూ, పాఠాలు చెప్పే పద్ధతుల మీద ఏటా సింపోజియం పెట్టుకుంటూ, పిల్లల్ని ఒకరి దగ్గరికి ఒకరు పంపుకుంటున్నాయంటే మెచ్చుకోవాల్సిందే.

ఆ పంపుకోవడం సంగతి నాకు బాగా తెలుసు. మా అమ్మాయి సిరామిక్స్, అంటే మట్టి పాత్రల కళ, చదువుతోంది, మూడో ఏడు ఒక సెమిస్టర్ ఇంకో సభ్య కాలేజీకి వెళ్లింది. ట్యూషన్ ఫీజు సొంత కాలేజీకే కడతాం, ఉండడానికి తినడానికి అయ్యే ఖర్చు మాత్రం అక్కడ మనది. ఇక్కడ కరెంటు కిల్న్‌లో ఆకుపచ్చగా దిగే రాగి గ్లేజు (పాత్ర మీద మెరిసే పూత), అక్కడ గ్యాస్ కిల్న్‌లో గాలి తగ్గించి కాల్చేసరికి ముదురు ఎరుపుగా వచ్చిందట. 'నాన్నా, అదే బకెట్, అదే మట్టి, చూడు ఎలా వచ్చిందో' అని రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి ఫోటో పంపింది. కాలేజీలు చేతులు కలపడమంటే నా దృష్టిలో అదీ. మీ వార్తలో దీని గురించి ఒక్క వాక్యం లేదు, సంఘం పెద్దలు వరసగా నిలబడ్డ ఫోటో మాత్రం నాలుగు కాలమ్‌లలో వేశారు.

తిరిగొచ్చాక అసలు తంతు మొదలైంది. వెళ్లకముందే సంతకాలు పెట్టించుకున్న కోర్సుల క్రెడిట్లు ఎక్కించడానికి మా అమ్మాయి కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసు ఒక సెమిస్టరంతా నానబెట్టింది. సిలబస్ పంపమన్నారు, పంపాం. ఫోటోలు కావాలన్నారు, అవీ పంపాం. తర్వాత ఆ ఫైలు చూసే ఆవిడ సెలవులో ఉన్నారన్నారు. ఫీజు గడువు దాటితే మాత్రం అదే బిల్డింగులోంచి రోజుకో మెయిల్ వస్తుంది, ఆ ఆఫీసులో ఎవరికీ సెలవులుండవు కాబోలు.

అది చిన్న నొప్పి. పెద్దది వేరే ఉంది. ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ ఈ సంఘంలో సభ్యురాలే. 2024 మే 31న మూసేస్తున్నట్టు వార్త వచ్చింది, జూన్ 7న తలుపులు మూసేశారు. వారం! గుర్తింపునిచ్చే కమిషన్‌కే మే 29 దాకా చెప్పలేదు. పిల్లలూ పాఠాలు చెప్పేవాళ్లూ పేపర్లో చూసి తెలుసుకున్నారు. యూనివర్సిటీ ప్రెసిడెంట్ గారు ఆ వారం కూడా ఆగకుండా మధ్యలోనే రాజీనామా చేశారు. అదే ఊళ్లో 1805 నాటి ఆర్ట్ కాలేజీ పెన్సిల్వేనియా అకాడమీ, ఇక డిగ్రీ కోర్సులు నడపలేమని ఆ ఏడాది జనవరిలోనే చెప్పేసింది. అంతకుముందు 2022లో శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పోయింది. 1871లో పుట్టిన సంస్థ, గోడ మీద మెక్సికో చిత్రకారుడు డియెగో రివెరా 1931లో వేసిన ఫ్రెస్కో ఉంది. దాన్ని కలుపుకుంటామన్న యూనివర్సిటీ ఆఖరి నిమిషంలో తప్పుకుంది. సభ్యత్వం వీళ్లలో ఎవరిని కాపాడింది? ట్రస్టీలనీ కమిషన్లనీ అడిగితే 'పరిస్థితిని గమనిస్తున్నాం' అంటారు. ఏళ్ల తరబడి గమనించి గమనించి చివరికి వాళ్లు కనిపెట్టింది ఇదా?

కాలేజీలను సంఘం బతికించాలని నేను అడగడం లేదు, దానికి అంత డబ్బు లేదు. పిల్లల్ని మాత్రం కాపాడగలదు. ఒక కాలేజీ మూతపడితే అక్కడి వాళ్లు వేరేచోట చదువు పూర్తి చేసుకునేలా చేసే ఒప్పందాన్ని టీచ్-అవుట్ అంటారు. ఫిలడెల్ఫియా పిల్లల కోసం మూర్, టెంపుల్ లాంటి కాలేజీలు ముందుకొచ్చాయి, వాళ్లకు దణ్ణం పెట్టాలి, కానీ అదంతా ఇల్లు కాలుతుంటే చేసిన ఏర్పాటు. ముందే ఎందుకు రాసుకోకూడదు? సభ్యత్వం కావాలంటే ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిందేనని ఎందుకు అనకూడదు? ఎక్స్‌ఛేంజ్ కింద ఒక సెమిస్టర్ క్రెడిట్లు ఇప్పటికే ఒకరివి ఒకరు ఒప్పుకుంటున్నారు కదా. అవే క్రెడిట్లు కాలేజీ మూతపడి ఎక్కడికైనా ట్రాన్స్‌ఫర్ అడిగేసరికి వేసిన పనులన్నీ చూపించాలి, పోర్ట్‌ఫోలియో రివ్యూ అంటారు, మళ్లీ మొదటి ఏడు నుంచి ఫౌండేషన్ ఇయర్ అంటారు, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ చదువు అప్పు మాఫీ కూడా చదువు మధ్యలో ఆగినవాళ్లకే, టీచ్-అవుట్‌లో చేరి పూర్తిచేస్తే వర్తించదు. అంటే పిల్లవాడు ఏదో ఒకటి తేల్చుకోవాలి, అదీ వారం రోజుల నోటీసులో.

ఈ ఒప్పందం సంగతి మా అమ్మాయి కాలేజీ వాళ్లనే అడిగాను. మీరు మూసేస్తే మా పిల్లను ఎవరు తీసుకుంటారు, రాతపూర్వకంగా ఏమైనా ఉందా అని. మంచి ప్రశ్న అడిగారని మెచ్చుకుని, వచ్చే ఏడాది ఫీజు వివరాలు పంపారు.

ఇట్లు,
ఒక ఆర్ట్ స్టూడెంట్ తండ్రి